ఉత్తమ డిజైన్‌ని వెతక్కండి

పోయినేడు ఒక సోమవారం పొద్దున, మా విభాగంలో కొత్తగా చేరిన అబ్బాయి నా బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. పంపుసెట్టు మోటారుని పట్టి ఉంచే బ్రాకెట్ బొమ్మ అది. శనివారం సాయంత్రం ప్రోగ్రాం మొదలుపెట్టి ఇంటికి వెళ్ళాడట. రెండు రాత్రులూ ఒక పగలూ అది తనంతట తానే డిజైన్లు పుట్టించుకుంటూ, లెక్కకట్టుకుంటూ, బాగున్నవాటిని కలిపి కొత్తవి చేసుకుంటూ పోయింది. తెల్లారేసరికి 12 వేల పైచిలుకు బ్రాకెట్లు తయారు. మార్కుల వారీగా పేర్చి, అన్నిటికన్నా పైనున్నదాన్ని ప్రింటు తీసి తెచ్చాడు.

"సార్, ఇదే బెస్టు. పాతదానికన్నా బరువు సగం" అన్నాడు.

"మొదటి పదీ పక్కన పెట్టు. మిగతావి తీసుకురా, కూర్చుందాం" అన్నాను.

అతని మొహం చిన్నబోయింది. రెండు రోజుల పంటలో ఏరిన గింజల్నే పారబోయమంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. ఆ రోజు అతనికి చెప్పినవీ, తర్వాత నెలల్లో మళ్ళీ మళ్ళీ చెప్పినవీ ఇక్కడ రాస్తున్నాను. కాలేజీలో నేర్పేదానికీ, సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళు చెప్పేదానికీ ఇవి అడ్డంగా ఉంటాయి. వినగానే తలకిందుల మాటల్లా తోస్తాయి. కంప్యూటర్ పుట్టించిన వేలాది డిజైన్ల మధ్య ఇరవై రెండేళ్ళు తిరిగి నేను నమ్మినవి ఇవే. పాటించండి.

మొదటి ర్యాంకుని నమ్మకండి

సంతలో ఒక పాత తక్కెడ ఉందనుకోండి. ఒకసారి వంద గ్రాములు ఎక్కువ చూపిస్తుంది, ఇంకోసారి వంద తక్కువ. ఒక్క గుమ్మడికాయ తూచి కొనుక్కుంటే పోయేదేం లేదు. ఇంచుమించు ఒకే బరువున్న వెయ్యి కాయలు దాని మీద తూచి, అన్నిటికన్నా ఎక్కువ చూపించినదాన్ని ఎత్తుకొచ్చారనుకోండి. మీ చేతిలో ఉన్నది బరువైన కాయ కాదు, తక్కెడ బాగా తప్పిన కాయ. కాయలు ఎన్ని ఎక్కువైతే ఆ తప్పు అంత ముదురుతుంది. 2006లో జేమ్స్ స్మిత్, రాబర్ట్ వింక్లర్ అనే ఇద్దరు అమెరికన్ ఆచార్యులు దీన్ని లెక్కతో నిరూపించి 'ఆప్టిమైజర్ శాపం' అని పేరు పెట్టారు.

మనకి తక్కెడ సిమ్యులేషన్. అది వస్తువుని వేల చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఒత్తిడి ఎంతో లెక్కిస్తుంది. ఆ ముక్కల అల్లికనే మెష్ అంటాం. మెష్ ముతకగా పడ్డ చోట, పదునైన లోపలి మూలలో ఒత్తిడి ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. మనిషి చేత్తో గీసిన ఒక్క డిజైన్లో ఈ లోపం తగిలితే తగలొచ్చు, లేకపోతే లేదు. 12 వేల డిజైన్లు జల్లెడ పట్టే ప్రోగ్రాం మాత్రం దాన్ని కచ్చితంగా పట్టుకుంటుంది, పట్టుకుని దానిమీదే బతుకుతుంది. ఎందుకంటే దానికి మనం బలమైన బ్రాకెట్‌ని వెతకమని చెప్పలేదు, లెక్కలో బలంగా కనిపించేదాన్ని వెతకమన్నాం.

మా అబ్బాయి మొదటి పదింటికీ మెష్ మూడింతలు సన్నం చేసి మళ్ళీ నడిపించాం. ఏడింటిలో ఒకే మూలలో ఒత్తిడి రెట్టింపు దాటింది. సగం బరువు తగ్గిందన్న సంబరం ఆ మూల మింగేసింది.

ఇది మా ఒక్కరి అనుభవం కాదు. ఎక్కడ లోహం ఉంచాలో ఎక్కడ తీసెయ్యాలో కంప్యూటర్‌నే నిర్ణయించమనే పద్ధతి, టోపాలజీ ఆప్టిమైజేషన్, 1988లో మార్టిన్ బెండ్‌సో, నొబొరు కికుచి రాసిన వ్యాసంతో ఊపందుకుంది. కొత్తలో ఆ ప్రోగ్రాములు తరచు చదరంగం పలకలాంటి అల్లికలు ఇచ్చేవి: ఒక గడిలో లోహం, పక్క గడి ఖాళీ, మూల మూలకి మాత్రమే తాకుతూ. అలాంటిది చేతిలోకి తీసుకుంటే రాలిపోతుంది. లెక్కలో మాత్రం ఉక్కుముక్కలా నిలబడేది. ఆ గట్టిదనం లోహానిది కాదు, లెక్క చేసే తీరులోని లోపమని 1995లో డియాజ్, సిగ్మండ్ అనే పరిశోధకులు తేల్చి చెప్పారు.

వెతుకులాట లేకుండా, ఒక్క డిజైన్లోనే తక్కెడ తప్పితే ఏమవుతుందో నార్వే చూసింది. 1991 ఆగస్టు 23న స్టావాంజర్ దగ్గర సముద్రపు పాయలో స్లైప్నర్-ఎ అనే చమురు వేదిక తాలూకు కాంక్రీటు పునాది, పరీక్ష కోసం నీటిలోకి దించుతుండగా పగిలి మునిగిపోయింది. నష్టం దాదాపు 70 కోట్ల డాలర్లు. గోడలు కలిసే మూలల దగ్గర మెష్ సరిగా లేక, కోత ఒత్తిడిని 47 శాతం తక్కువగా లెక్కకట్టారని విచారణలో తేలింది. అక్కడ ఇంజనీర్లు ఆ తప్పుని వెతుక్కుంటూ వెళ్ళలేదు, తప్పే వాళ్ళకి ఎదురైంది. మన ప్రోగ్రాం దానికోసం రాత్రీ పగలూ గాలిస్తుంది. అందుకే భయపడమంటున్నాను.

కాబట్టి పై పదినీ పక్కన పెట్టి, 50 నుంచి 500 దాకా ఉన్న ర్యాంకుల్ని చూడండి. అంకెలు కాదు, ఆకారాలు చూడండి. ఒకే రకం ఒంపు చిన్న చిన్న తేడాలతో పదే పదే వస్తుంటే అక్కడ నేల గట్టిదన్నమాట. చుట్టుపక్కల ఒక్క చుట్టమూ లేకుండా ఒంటరిగా పైన నిలబడ్డ డిజైన్‌ని అర మిల్లీమీటరు అటూ ఇటూ జరిపి చూడండి. సాధారణంగా కూలిపోతుంది. మన షాపుల్లో అర మిల్లీమీటరు తేడా రోజూ వచ్చేదే.

మోసం చేసిన డిజైన్‌ని చెరిపేయకండి

కంప్యూటర్ దొంగదారి పట్టినప్పుడు అందరూ చేసే పని, ఆ డిజైన్‌ని తుడిచేసి, ఆ దారికి అడ్డంగా ఒక నిబంధన రాసేసి, ముందుకి పోవడం. దయచేసి అలా చేయకండి. దాన్ని గోడకి అంటించి, వారం రోజులు చూస్తూ ఉండండి. మీరు అడగడం మరిచిపోయింది ఏమిటో అంత స్పష్టంగా మీకు ఇంకెవరూ చెప్పరు.

1994లో కార్ల్ సిమ్స్ అనే పరిశోధకుడు కంప్యూటర్‌లో కృత్రిమ జీవుల్ని పెంచాడు. వేగంగా కదలగలిగిన వాటికి ఎక్కువ మార్కులు. నడక నేర్చుకుంటాయని ఎదురుచూస్తే, కొన్ని తాటిచెట్టంత పొడుగ్గా పెరిగి ఊరికే పడిపోవడం మొదలుపెట్టాయి. పడేటప్పుడు వేగం ఉంటుంది కదా. అడిగినదానికి అది సరైన జవాబే. నడవమని ఎవరూ చెప్పలేదు.

ఇంగ్లండులోని సస్సెక్స్ విశ్వవిద్యాలయంలో జరిగిన రెండు ప్రయోగాల గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. నా ఆలోచన మార్చినవి అవి.

మొదటిది 1996 నాటిది. ఏడ్రియన్ థాంప్సన్ ఒక ఎఫ్‌పీజీఏ తీసుకున్నాడు. లోపలి కనెక్షన్లని మనకి కావలసినట్టు మార్చుకోగలిగిన చిప్ అది. అందులో ఒక మూలనున్న వంద గడులు మాత్రం ప్రోగ్రాంకి అప్పగించాడు. 1 కిలోహెర్ట్జ్ సంకేతాన్నీ 10 కిలోహెర్ట్జ్ సంకేతాన్నీ వేరుగా గుర్తుపట్టాలి, అంతే. అడుగు అడుగుకీ తాళం వేసే క్లాక్‌ని కూడా ఇవ్వలేదు. కంప్యూటర్‌లో నమూనా కట్టి పరీక్షించలేదు, ప్రతి డిజైన్‌నీ అసలు చిప్ మీదే నడిపించి చూశాడు. కొన్ని వేల తరాల తర్వాత సర్క్యూట్ పని చేసింది. విప్పి చూస్తే, సంకేతం నడిచే దారికి ఏ కనెక్షనూ లేని గడులు కొన్ని కనిపించాయి. పనికిరానివే కదా అని వాటిని ఆపేస్తే సర్క్యూట్ చెడిపోయింది! ఆ గడులు తీగ ద్వారా కాకుండా మరేదో భౌతిక ప్రభావంతో పక్క గడుల మీద పనిచేస్తున్నాయి. అదే సర్క్యూట్‌ని చిప్‌లో ఇంకో చోటికి మారిస్తే తడబడింది. వేడి బాగా మారినా తడబడింది. ఆ ఒక్క సిలికాన్ ముక్క ఒళ్ళెరిగి, దానికే కుట్టిన చొక్కా అది.

రెండోది 2002లో జాన్ బర్డ్, పాల్ లేజెల్ చేసినది. ఒక నిర్ణీత వేగంతో ఊగే సంకేతం ఇచ్చే సర్క్యూట్, ఆసిలేటర్, కావాలన్నారు. ప్రోగ్రాం ఒకటి తయారుచేసింది. అది ఊగడం లేదు. బోర్డు మీది రాగి దారుల్నే యాంటెనాగా చేసుకుని, పక్కనున్న కంప్యూటర్ల నుంచి వెలువడే తరంగాల్ని పట్టి వినిపిస్తోంది. ఆసిలేటర్ అడిగితే రేడియో పుట్టింది.

చాలామంది ఈ కథలు విని నవ్వి వదిలేస్తారు. నాకు వీటి మీద గౌరవం కలుగుతుంది. గదిలో ఉన్న వేడి, పక్క బల్ల మీది కంప్యూటర్, రాగి దారి పొడవు ఇవన్నీ డిజైన్‌లో భాగాలేనని ఆ సర్క్యూట్లు గుర్తుచేశాయి. మనుషులు వాటిని లేవనుకుని గీస్తారు. మీ ప్రోగ్రాం దొంగదారి పట్టిన ప్రతిసారీ మీరు లేవనుకున్నది ఒకటి బయటపడుతుంది. మా బ్రాకెట్ల ప్రోగ్రాం ఒకసారి బోల్టు రంధ్రం చుట్టూ లోహాన్ని కాగితమంత పలచన చేసేసింది. బోల్టు బిగించేటప్పుడు పడే ఒత్తిడిని మేం లెక్కలోకి ఎక్కించనే లేదు, మోటారు బరువు ఒక్కటే ఎక్కించాం. అప్పటికి ఆరేళ్ళుగా అన్ని బ్రాకెట్లకీ అలాగే లెక్క వేస్తున్నాం. చేత్తో గీసినన్నాళ్ళూ అలవాటు కొద్దీ రంధ్రం చుట్టూ మందం వదిలేవాళ్ళం కాబట్టి తప్పు బయటపడలేదు. ఆ పలచటి బ్రాకెట్ ప్రింటు ఇప్పటికీ నా బల్ల అద్దం కింద ఉంది.

తెలిసిన జవాబు కోసం వారం రోజులు ఖర్చుపెట్టండి

కొత్త పద్ధతి చేతికి రాగానే కొత్త సమస్య మీదికి ఉరక్కండి. మీకు ముందే జవాబు తెలిసిన సమస్య ఇవ్వండి. మేనేజర్లు దీన్ని దండగ అంటారు. అననివ్వండి.

1964లో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఇంగో రెషెన్‌బెర్గ్, హన్స్-పాల్ ష్వెఫెల్ అనే యువకులు సరిగ్గా ఈ దండగ పనే చేశారు. ఆరు బద్దల్ని ఐదు కీళ్ళతో కలిపి ఒక పలక చేసి గాలి సొరంగంలో పెట్టారు. ఒక్కో కీలు 51 స్థానాల్లో నిలబడుతుంది. అంటే మొత్తం 34,50,25,251 ఆకారాలు. గాలికి అన్నిటికన్నా తక్కువ అడ్డుపడేది ఏది? సాపుగా ఉన్న పలకే, చిన్నపిల్లాడైనా చెబుతాడు. వాళ్ళు మడతలు పడ్డ పలకతో మొదలుపెట్టి, మేకుల మధ్య నుంచి గోళీలు జారే గాల్టన్ పలకతో యాదృచ్ఛిక సంఖ్యలు తీసి, ఆ మేరకు కీళ్ళు కొంచెం కొంచెం తిప్పారు. గాలి అడ్డు తగ్గితే ఉంచడం, పెరిగితే వెనక్కి తిప్పడం. ముప్పై నాలుగున్నర కోట్ల ఆకారాల్లో, కొన్ని వందల మార్పుల్లోనే పలక సాపు అయిపోయింది.

జవాబు తెలుసు కాబట్టే వాళ్ళు చూసింది జవాబుని కాదు, దారిని. ఎక్కడ ఇరుక్కుంది, ఎంత పెద్ద మార్పు పనికొచ్చింది, ఎంత చిన్నదైతే కదల్లేదు అన్నవి. ఆ నమ్మకంతోనే ఆ దశాబ్దం చివర్లో ష్వెఫెల్ వేడినీరూ ఆవిరీ కలిసి దూసుకుపోయే నాజిల్ ఒకదాన్ని ఉంగరాల్లాంటి ముక్కలతో పేర్చి, అదే పద్ధతిలో మారుస్తూ పోయాడు. చివరికి వచ్చినదానిలో మధ్యన ఉబ్బులూ నొక్కులూ ఉన్నాయి. ఏ ఇంజనీరూ గీసి ఉండడు అలాంటిది. పాతదానికన్నా బాగా పనిచేసింది. సాపు పలకతో మొదలుపెట్టి ఉండకపోతే ఆ ఉబ్బుల్ని ఎవరు నమ్మేవారు?

తక్కువ వెతకండి

సర్వర్లు ఖాళీగా ఉన్నాయి, నడిపించేద్దాం అన్నది మా అబ్బాయి తరం అలవాటు. నేను వాళ్ళకి సి.ఆర్. రావు పట్టికల గురించి చెబుతాను.

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళారు. 1940ల్లో ఆర్థోగోనల్ అరేలు అనే పట్టికల్ని గణితంగా నిలబెట్టారు. వాటి పని ఏమిటో వంటింట్లో చెప్పుకుందాం. పులిహోరలో చింతపండు, పసుపు, ఉప్పు, నూనె, నాలుగూ ఒక్కోటి మూడు మోతాదుల్లో వేసి చూడాలంటే 81 సార్లు వండాలి. ఆయన పట్టిక ప్రకారం పేరిస్తే తొమ్మిది సార్లు చాలు. ఏ రెండు దినుసులు తీసుకున్నా, వాటి మోతాదుల ప్రతి జతా సరిగ్గా ఒక్కసారే వచ్చేలా ఆ తొమ్మిదీ కుదురుతాయి. అందుకని ఒక్కో దినుసు సొంత ప్రభావాన్ని మిగతావాటి నుంచి విడదీసి చూడొచ్చు. రెండు దినుసులు కలిసి మూడో రుచి పుట్టించే సంగతి మాత్రం ఇందులో మరుగున పడుతుంది, అది గుర్తుంచుకోవాలి.

జపానులో గెనిచి తాగుచి ఈ పట్టికల్ని ఫ్యాక్టరీల్లోకి తీసుకెళ్ళాడు. 1950ల్లో ఆయన కలకత్తా ఇన్‌స్టిట్యూట్‌కి కూడా వచ్చి పనిచేసి వెళ్ళాడు. ఒక పలకల ఫ్యాక్టరీలో బట్టీ బయటి వరసలో కాలిన పలకల కొలతలు ఎక్కువగా తేడా వస్తుండేవి. బట్టీలో వేడి అన్నిచోట్లా సమానంగా లేకపోవడమే కారణమని అందరికీ తెలుసు, బట్టీ మార్చడానికి మాత్రం డబ్బు లేదు. మట్టిలో కలిపే దినుసుల్ని పట్టిక ప్రకారం కొద్దిసార్లు మార్చి చూస్తే, సున్నపురాయిని 1 శాతం నుంచి 5 శాతానికి పెంచితే తేడా బాగా తగ్గిపోతుందని తేలింది. వేడి అసమానంగానే ఉంది, మట్టి దాన్ని పట్టించుకోవడం మానేసింది.

మా బ్రాకెట్‌కి 13 కొలతలు. ఒక్కోదానికి మూడు విలువలైతే 15,94,323 డిజైన్లు. ఆ రెండు రాత్రుల వేగంతో లెక్కించినా ఆరు నెలలు పైన పడుతుంది. 27 వరసల పట్టికతో ఒక్క పూటలో చేశాం. 13లో నాలుగు కొలతలే నోరు విప్పి మాట్లాడుతున్నాయి. మిగతా తొమ్మిదీ ఎంత పెట్టినా బలంలోనూ బరువులోనూ పెద్ద తేడా లేదు. ఆ తొమ్మిదింటినీ తయారుచేసేవాళ్ళకి ఏది సుఖమో అలా ఉంచేసి, నాలుగింటిలో మాత్రం ప్రోగ్రాంని తిరగనిచ్చాం. రెండు రాత్రుల పని మధ్యాహ్నం భోజనం వేళకి అయిపోయింది. ముందే ఇలా చేసి ఉంటే శనివారం సాయంత్రం ఆ అబ్బాయి ఇంటికి తొందరగా వెళ్ళేవాడు.

అన్నీ కలిపి ఒక్క మార్కు వేయకండి

గేదెని కొనడానికి సంతకి వెళ్ళిన రైతు ఏం చూస్తాడు? పాలెన్ని, మేతెంత, ఈతలెన్ని, ధరెంత, పొడుస్తుందా. ఇవన్నీ కూడి, నూటికి 78 మార్కులు వచ్చిన గేదెని తోలుకొచ్చిన రైతుని నేను చూడలేదు. మనం డిజైన్లో మాత్రం బరువుకి 0.4, ధరకి 0.3, బలానికి 0.3 అని పెట్టి, కలిపి, ఒక్క అంకె చేసేస్తాం. ఆ 0.4 ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరో మీటింగులో అన్నారు.

కలపకుండా వెతికే పద్ధతుల్లో ప్రపంచంలో చాలామంది వాడేది ఒకటి మన దేశంలోనే పుట్టింది. ఐఐటీ కాన్పూర్‌లో కల్యాణ్‌మయ్ దేబ్, ఆయన విద్యార్థులు 2002లో ప్రచురించిన ఎన్‌ఎస్‌జీఏ-2. ఒకదానికన్నా ఇంకొకటి అన్ని విధాలా మెరుగైతే ఓడినదాన్ని వెనక్కి నెడుతుంది. బరువులో ఒకటి, ధరలో ఇంకొకటి గెలుస్తుంటే రెండింటినీ ఉంచుతుంది. చివరికి మీకు ఒక డిజైన్ రాదు, ఒక వరస వస్తుంది. ఆ వరసలో నడుస్తుంటే ఎక్కడో ఒక చోట మోకాలిలా ఒంపు కనబడుతుంది. దానికి ఇవతల రెండు వందల గ్రాములు పెంచితే ఆయుర్దాయం రెట్టింపు అవుతుంది, అవతల కిలో పెంచినా మార్పుండదు. మీటింగులో 0.4 అని తేల్చేసి ఉంటే ఆ మోకాలు జన్మలో కనబడేది కాదు. ఆ వరస మొత్తాన్ని డబ్బు పెట్టేవాళ్ళ ముందు పరిచి, వాళ్ళనే ఎంచుకోమనండి. ఎంపిక బాధ్యత వాళ్ళది, దాన్ని అంకెల చాటున మీరు మోయకండి.

ఓడినవాటిని దాచండి

1901 చివర్లో డేటన్ ఊళ్ళో సైకిలు దుకాణం మేడ మీద, చెక్కతో చేసిన ఆరడుగుల గాలి పెట్టెలో, రైట్ సోదరులు 200 దాకా చిన్న చిన్న రెక్కలు పెట్టి చూశారు. కొలిచే సాధనాలు పాత రంపపు బ్లేడ్లతో, సైకిలు చువ్వలతో చేసుకున్నవి. మంచి రెక్క దొరకగానే ఆగిపోలేదు. నాసిరకంవాటి అంకెలు కూడా పట్టికల్లోకి ఎక్కించారు. అప్పటిదాకా అందరూ నమ్మిన పాత పట్టికలు వాళ్ళ గ్లైడర్లకి సరిపడలేదు, అందుకే తమవి తాము కట్టుకున్నారు. ఎగిరే రెక్క ఎంత ముఖ్యమో, ఎక్కడ ఎగరడం మానేస్తుందో తెలియడం వాళ్ళకి అంత ముఖ్యం.

మా దగ్గర అంతకుముందు పుట్టినవాటిలో పై వంద దాచి మిగతావి చెరిపేసేవాళ్ళు, డిస్క్ నిండుతోందని. డిస్క్ కొనండి.

కాసేపు మంచీ చెడూ అడగడం మానేయండి

ఫ్రాన్సు, అమెరికా పరిశోధకులు 2015లో ఒక ఆరుకాళ్ళ రోబోకి నడక నేర్పారు. ఉత్తమమైన నడక ఏదని అడగలేదు. కాళ్ళు ఒక్కోటి నేలని ఎంతసేపు తాకుతున్నాయన్నదాన్ని బట్టి నడకల్ని వేలాది గడులుగా విడదీసి, ప్రతి గడిలో అక్కడికి ఏది మేలో దాన్ని దాచమన్నారు. అలా 13 వేల దాకా నడకలు పోగయ్యాయి.  తర్వాత రోబో కాలు విరగ్గొట్టారు. అది తన దగ్గరున్న నడకల్లో కొన్నిటిని వేసి చూసి, రెండు నిమిషాల లోపే కుంటుతూ ముందుకి సాగింది. కాళ్ళన్నీ బాగున్న రోజున ఎవరూ మెచ్చని నడక ఆ రోజు పనికొచ్చింది.

నాసా ఎస్‌టీ-5 ఉపగ్రహాల యాంటెనా కథ కూడా నాకు ఇందుకే ఇష్టం. 2006 మార్చి 22న మూడు చిన్న ఉపగ్రహాలు, వంకర్లు తిప్పి పారేసిన పేపరు క్లిప్పులాంటి యాంటెనాలతో పైకెళ్ళాయి. కంప్యూటర్ పెంచి తీసిన ఆకారం అది. అందరూ ఆ ఆకారాన్ని చూపిస్తారు. నేను చెప్పేది దాని వెనక జరిగింది. పని సగంలో ఉండగా ఉపగ్రహాల కక్ష్యే మారిపోయింది. అప్పటికి గెలిచిన యాంటెనా కొత్త కక్ష్యకి సరిపోలేదు. ఏమ్స్ కేంద్రంలోని బృందం ప్రోగ్రాంలో కొత్త అవసరం రాసి, దాదాపు నెలలో ఇంకో యాంటెనా పెంచి ఇచ్చింది. గెలిచినదాన్ని వాళ్ళు దాచుకోలేదు, వెతికే చేతిని దాచుకున్నారు. మన ఆఫీసుల్లో కక్ష్య నెలకోసారి మారుతుంది.

గీయకముందే పోతపోసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి

ఇది అన్నిటికన్నా పెద్ద మాట, చివరికి మిగిలింది.

"3డీ ప్రింటింగ్ ఉంది కదా సార్, ఏ ఆకారమైనా వస్తుంది" అంటారు. నిజమే. 2018లో జనరల్ మోటార్స్ ఒక సీటు బ్రాకెట్ చూపించింది. 150కి పైగా డిజైన్లలోంచి ఏరినది, ఎనిమిది ముక్కలకి బదులు ఒకటే ముక్క, 40 శాతం తేలిక. అద్భుతమైన పని. మేం చేసే పంపుసెట్టు బ్రాకెట్ మాత్రం ఇసుక మౌల్డులో కాస్ట్ ఐరన్ పోసి తీసేది. రైతు దాన్ని కొనే ధరలో ప్రింటరు తిరగదు.

అందుకని ఒక రోజు ఆ 12 వేలలోంచి 60 డిజైన్లు పెద్ద కాగితాల మీద ప్రింటు తీసి, ఆ అబ్బాయిని వెంటబెట్టుకుని బాలానగర్‌లో మేం పోతలు పోయించే చిన్న ఫౌండ్రీకి వెళ్ళాను. ర్యాంకులు వెనకవైపు పెన్సిలుతో రాసి పెట్టాం, ముందువైపు బొమ్మ ఒక్కటే. మౌల్డింగ్ మేస్త్రి అరవై దాటిన మనిషి. కాగితాలన్నీ షెడ్డు నేల మీద పరిచాం. ఆయన చెప్పులు విప్పి, వాటి మధ్య నెమ్మదిగా తిరిగాడు.

"ఇది లేపండి. ఇసుకలో అచ్చు వేసిన ప్యాటర్న్ బయటికి లాగితే ఇసుక విరిగి వచ్చేస్తుంది, వాలు లేదు." ఒక కాగితం బోర్లా పడింది. "ఇదీ అంతే. ఇది లోపల పెట్టే ఇసుక దిమ్మ, అదే కోర్, లేకుండా రాదు, కోర్ పెడితే మీ ధరకి రాదు." అరగంటలో 49 కాగితాలు బోర్లా పడ్డాయి. మిగిలిన 11 కాగితాల చుట్టూ ఇంకో రెండుసార్లు తిరిగి, ఒకదాని మీద బొటనవేలు పెట్టాడు.

"ఇది మొదటి పోతకే వస్తుంది సార్."

అబ్బాయి కాగితం తిరగేశాడు. 2,316.

"మేస్త్రి గారూ, మరి ఇది?" అని ఇంకో కాగితం చూపించాడు. నలభయ్యో ర్యాంకుది, చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి.

"ఇక్కడ చూడు బాబూ" అంటూ మేస్త్రి గొంతుక్కూర్చున్నాడు. బలానికి పెట్టిన మూడు పక్కటెముకలు కలిసే చోట వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ లోహం గుట్టపడింది. చుట్టూ గట్టిపడ్డాక ఇది ఆఖర్న గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు ముడుచుకుంటుంది, ముడుచుకోడానికి లోహం ఎక్కణ్ణించీ రాదు. లోపల బోలు పడుతుంది. పైకి నున్నగానే ఉంటుంది, మిషన్ మీద కోసినప్పుడు బయటపడుతుంది. నువ్వు చెప్పు, నేను ఎంచినదాంట్లో ఎముకలు ఎలా ఉన్నాయి?"

"ఒకదానికొకటి ఎదురుగా లేవు. కొంచెం జరిగి ఉన్నాయి."

"అందుకే అన్నా."

అబ్బాయి జేబులోంచి నోటుబుక్కు తీసి, ఆ కలిసే చోట ఒక వృత్తం గీశాడు. "అక్కడ ఎంత పెద్ద వృత్తం పడితే పనికిరాదు? కొలత చెప్పగలరా?" అని అడిగాడు. మేస్త్రి కాసేపు ఆలోచించి, పక్కనున్న ఫర్నేసు కుర్రాణ్ణి పిలిచి, తుక్కు కుప్పలోంచి పాత పోతలు నాలుగు తెప్పించాడు. రెండు బాగున్నవి, రెండు బోలు పడ్డవి. కోసిన చోట కాలిపర్‌తో కొలుచుకుంటూ ఇద్దరూ నేల మీదే కూర్చున్నారు.

చీకటి పడ్డాక ఆఫీసుకి తిరిగొచ్చాం. అతను ప్రోగ్రాంలో ఆ వృత్తం కొలతని ఎక్కించి, వాలుని ఎక్కించి, పాత 12 వేల డిజైన్లనీ మొదటి నుంచి మళ్ళీ జల్లెడ పట్టడానికి పెట్టాడు. చెరిపేయకుండా దాచినవి అవి.